విద్యాధికారులకు శిక్షణ సరే, కుర్చీ సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, మండల, జిల్లా విద్యాధికారులకు నాయకత్వ శిక్షణ ఇస్తామంటూ స్వచ్ఛంద సంస్థలు ముందుకు రావడం, ప్రభుత్వాలు వాటితో అవగాహన ఒప్పందాలు కుదుర్చుకోవడం దేశమంతటా కొన్నేళ్లుగా మామూలైపోయింది. సంతకాలు చేస్తున్న ఫొటో పత్రికల్లో వస్తుంది. ఆ ఒప్పందంలో ఏం రాసుకున్నారో, రెండు మూడేళ్ల తరవాత దానివల్ల ఏ బడిలో ఏం మారిందో మాత్రం ఎక్కడా రాదు. ప్రధానోపాధ్యాయుడిగా, ఆ బాధ్యతతో పాటే కొంతకాలం ఇన్‌ఛార్జి మండల విద్యాధికారిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిగా ఈ విషయంపై నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి. వాటిని నా అనుభవం ఒక్కదాని మీద నిలబెట్టి చెప్పడం కంటే, ఇదే పనిని దాదాపు ఇరవై ఏళ్లపాటు భారీ ఎత్తున చేసిన ఒక అమెరికా సంస్థ చరిత్రను మీ పాఠకుల ముందుంచి చెప్పడం సమంజసమని భావించి ఈ లేఖ రాస్తున్నాను.

ఆ సంస్థ పేరు బ్రోడ్ అకాడమీ. దాన్ని స్థాపించిన ఈలై బ్రోడ్ ఇళ్ల నిర్మాణంలో ఒకసారి, బీమా, పింఛను పథకాల వ్యాపారంలో మరొకసారి కోట్లకు పడగలెత్తిన లాస్ ఏంజెలెస్ వ్యాపారవేత్త. తన బీమా కంపెనీని 1990ల చివర అమ్మేశాక, విద్యారంగం కోసం 1999లో ఒక దాతృత్వ సంస్థను నెలకొల్పి, 2002లో నగరాల పాఠశాల వ్యవస్థలను నడిపే సూపరింటెండెంట్లకు శిక్షణ ఇచ్చే ఈ అకాడమీని ప్రారంభించారు. అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలు స్థానిక పాఠశాల జిల్లాల కింద నడుస్తాయి. అలాంటి జిల్లాలు ఆ దేశంలో సుమారు 13,000 ఉన్నాయి. చాలాచోట్ల ప్రజలు ఎన్నుకున్న బోర్డు సూపరింటెండెంటును నియమిస్తుంది, పని నచ్చకపోతే అదే బోర్డు పంపించేస్తుంది. మన జిల్లా విద్యాశాఖాధికారికీ ఆయనకూ అధికారాల్లో పోలికే లేదు. ఉపాధ్యాయుల నియామకం, బడ్జెట్, బడుల మూసివేత, పుస్తకాల కొనుగోలు, చివరికి స్కూలు బస్సులు ఏ వీధిలో ఆగాలన్నది కూడా ఆయన కార్యాలయంలోనే తేలుతుంది. వేల మంది ఉద్యోగులతో, పెద్ద కంపెనీలకు దీటైన ఖర్చుతో నడిచే ఇంత వ్యవస్థను నడపడానికి పాఠం చెప్పిన అనుభవం ఒక్కటే చాలదని, సైన్యంలో, వ్యాపారంలో ఆరితేరినవారిని కూడా ఈ పనిలోకి తీసుకురావాలని బ్రోడ్ వాదించారు.

ఆ వాదనలో కొంత నిజం ఉందని నేనూ ఒప్పుకుంటాను. బాగా పాఠం చెప్పే ఉపాధ్యాయుడు బాగా కార్యాలయం నడుపుతాడన్న హామీ ఏమీ లేదు. మన దగ్గర సీనియారిటీ జాబితాలో పేరు రాగానే ఉపాధ్యాయుడు హెడ్మాస్టరవుతాడు. మర్నాటి నుంచి ఆయన ఖజానా బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు, కోర్టు కేసుల జవాబులు చూడాలి. వీటిలో ఒక్కటైనా ముందుగా ఎవరూ నేర్పి ఉండరు. కాబట్టి శిక్షణ అక్కర్లేదని నేననడం లేదు. అది ఎవరి చేతిలో ఉండాలి, దేనితో ముడిపడి ఉండాలి అన్నదే నా ప్రశ్న.

బ్రోడ్ అకాడమీ శిక్షణ తొలి రోజుల్లో పది నెలలు సాగేది. ఎంపికైనవారు తమ ఉద్యోగాలు తాము చేసుకుంటూనే వారాంతాల్లో జరిగే తరగతులకు వచ్చేవారు. రుసుము లేదు, ఖర్చంతా సంస్థదే. శిక్షణ ముగిశాక ఖాళీ అయిన సూపరింటెండెంటు పదవుల్లో వారికి చోటు దొరికేలా సంస్థ పాటుపడేది. దీనికి తోడు మరో కార్యక్రమం కింద, వ్యాపార నిర్వహణ చదివిన యువతను పాఠశాల జిల్లాల ప్రధాన కార్యాలయాల్లో రెండేళ్లపాటు కూర్చోబెట్టి, వారి జీతాల్లో కొంత భాగం తనే భరించేది. పదేళ్లు తిరిగేసరికి లాస్ ఏంజెలెస్, షికాగో, డాలస్ వంటి మహానగరాల పాఠశాలలు ఈ అకాడమీలో తర్ఫీదు పొందినవారి చేతికి వచ్చాయి. విద్యాశాఖ పగ్గాలు పట్టినవారిని ఒక ప్రైవేటు దాత ఇంత పెద్ద సంఖ్యలో తయారు చేసిన సందర్భం మరొకటి నాకు తెలియదు.

అలా తర్ఫీదు పొందిన ముగ్గురి విషయంలో ఆ తరవాత జరిగినది చూద్దాం. నార్త్ కరోలినా రాష్ట్రంలోని వేక్ కౌంటీ జిల్లాకు 2011 ఆరంభంలో సూపరింటెండెంటుగా వచ్చిన ఆంథొనీ టాటా విశ్రాంత సైనిక బ్రిగేడియర్ జనరల్. (మన తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడిన క్యారీ పట్టణం ఈ జిల్లాలోదే.) 2012 విద్యా సంవత్సరం మొదలవుతూనే బస్సుల ఏర్పాట్లు అస్తవ్యస్తమై పిల్లలు రోడ్ల మీద నిలబడాల్సి వచ్చింది. ఏ పిల్లలు ఏ బడికి వెళ్లాలన్న కేటాయింపుపై అప్పటికే బోర్డులో తగాదా ఉంది. ఆ సెప్టెంబరులోనే బోర్డు ఒక్క ఓటు ఆధిక్యంతో ఆయనను తప్పించింది. షికాగోకు 2011లో వచ్చిన ఝాన్-క్లాడ్ బ్రిజార్డ్ మరుసటి ఏడాది అక్టోబరులో, నగర ఉపాధ్యాయుల పెద్ద సమ్మె ముగిసిన కొద్దిరోజులకే, పదవి వదిలేశారు. లాస్ ఏంజెలెస్‌లో జాన్ డేసీ ప్రతి విద్యార్థి చేతికీ ఐప్యాడ్ ఇస్తామంటూ వంద కోట్ల డాలర్లు దాటే పథకం మొదలుపెట్టారు. కొనుగోలు ప్రక్రియపై ప్రశ్నలు రావడంతో 2014లో ఆ ఒప్పందం ఆగింది, ఆ అక్టోబరులోనే ఆయన రాజీనామా చేశారు. దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కొనుగోలు కాగితాలను పట్టుకెళ్లింది గానీ చివరికి ఎవరిపైనా అభియోగం మోపలేదన్నది కూడా చెప్పడం న్యాయం.

పెద్ద నగరాల సూపరింటెండెంట్లు ఎవరైనా ఎక్కువ కాలం నిలవరు, నిజమే. బోర్డులో రాజకీయాలు, ఉపాధ్యాయ సంఘాలతో పేచీలు, ఎన్నికైన మేయరు మారడం వంటివి బ్రోడ్ శిక్షణ పొందినవారికే ప్రత్యేకం కావు. అందుకే రెండు మూడు పేర్లు చూపించి సంస్థను దోషిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. అయితే ఈ ప్రశ్నను పేర్లకు అతీతంగా, అంకెలతో పరిశీలించినవారున్నారు. థామస్ డీ, సుసానా లోబ్, యింగ్ షి అనే పరిశోధకులు బ్రోడ్ శిక్షితులు పనిచేసిన పెద్ద జిల్లాలను ఏళ్ల తరబడి సమాచారంతో పరిశీలించారు. వీరి పదవీకాలం మిగతా సూపరింటెండెంట్ల కంటే తక్కువగా ఉందని, పిల్లలు చదువు పూర్తి చేసే రేటులో గానీ బోధనపై పెట్టే ఖర్చులో గానీ స్పష్టమైన మార్పు లేదని తేల్చారు. స్పష్టంగా కనిపించిన మార్పు మరొకచోట ఉంది. ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు యాజమాన్యాలు నడిపే చార్టర్ పాఠశాలల సంఖ్య, వాటిలో చేరే పిల్లల సంఖ్య వీరి రాకతో పెరగసాగాయి.

ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నదానికి ఆ చివరి వాక్యమే కీలకం. ఈలై బ్రోడ్ చార్టర్ పాఠశాలలకు గట్టి సమర్థకులుగా ఉండేవారు. అది ఆయన హక్కు, ఆయన డబ్బు. లాస్ ఏంజెలెస్ పిల్లల్లో సగం మందిని ఎనిమిదేళ్లలో చార్టర్ పాఠశాలల్లోకి తేవాలన్న 49 కోట్ల డాలర్ల ప్రణాళిక ఆయన సంస్థ నుంచే తయారై 2015లో పత్రికలకు ఎక్కింది. కానీ ప్రజల పాఠశాలలను నడిపే అధికారికి తర్ఫీదు ఇచ్చిన సంస్థకే ఆ పాఠశాలలు ఎటు పోవాలన్న విషయంలో ముందే ఒక పక్షం ఉన్నప్పుడు, ఆ అధికారి ఎవరికి జవాబుదారీ అన్న సందేహం రాక తప్పదు. డెట్రాయిట్ నగరం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. ఆర్థికంగా కుప్పకూలిన అక్కడి పాఠశాల జిల్లాకు 2009లో రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అత్యవసర నిర్వాహకుడు రాబర్ట్ బాబ్ జీతంలో కొంత భాగాన్ని బ్రోడ్ సంస్థతో సహా ప్రైవేటు దాతలు చెల్లించారు. ఆ ఊరి తల్లిదండ్రులు ఓటు వేసి ఎన్నుకున్న బోర్డుకు అప్పుడు డబ్బు మీద అధికారం లేదు. మన జిల్లా విద్యాశాఖాధికారి జీతంలో మూడోవంతు ఒక పారిశ్రామికవేత్త ట్రస్టు ఇస్తుందంటే మనం ఊరుకుంటామా?

ఇంతకంటే అధ్వానమైన ఉదంతం ఒకటుంది. అందులో బ్రోడ్ అకాడమీకి పాత్ర లేదు. ఆ శిక్షణ సంస్థ లాభాపేక్ష లేనిది కూడా కాదు, అచ్చమైన వ్యాపార సంస్థ. షికాగో పాఠశాలల అధినేత్రి బార్బరా బర్డ్-బెనెట్ అంతకుముందు తాను పనిచేసిన సూప్స్ అకాడమీ అనే కంపెనీకి, నగరంలోని ప్రిన్సిపాళ్లకు శిక్షణ ఇచ్చే పని టెండరు లేకుండానే 2013లో అప్పగించారు. ఒప్పందం విలువ 2.05 కోట్ల డాలర్లు. శిక్షణకు వెళ్లిన ప్రిన్సిపాళ్లు ఆ తరగతులు తమకేమీ కొత్త నేర్పడం లేదని మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. విద్యా విషయాల మీదే పనిచేసే ఒక చిన్న పత్రిక ఆ టెండరు సంగతి బయటపెట్టింది. 2015లో ఆమె నేరం ఒప్పుకున్నారు, 2017లో నాలుగున్నరేళ్ల జైలుశిక్ష పడింది. ప్రభుత్వాలు నిర్మించే గదులకు కొలతలుంటాయి, కొనే బెంచీలకు లెక్క ఉంటుంది. నాయకత్వ శిక్షణను కొలిచే కొలబద్ద లేదు కనుక అందులో డబ్బు ఎటు పోయిందో పట్టుకోవడం కష్టం. అందుకే అక్కడ కాగితం మిగతా పనుల్లో కంటే స్పష్టంగా ఉండాలి.

మరి శిక్షణ ఎక్కడా ఫలించలేదా అంటే, ఫలించింది. అదీ అమెరికాలోనే. వాలెస్ ఫౌండేషన్ అనే మరో దాతృత్వ సంస్థ 2011 నుంచి 2016 వరకు న్యూయార్క్, డెన్వర్ వంటి ఆరు పెద్ద పాఠశాల జిల్లాలకు నిధులిచ్చింది. అది తానుగా అకాడమీ పెట్టలేదు. మంచి ప్రిన్సిపాల్ అంటే ఏం చేయగలవాడో ముందు జిల్లాయే రాసుకోవాలి. ఆ ప్రమాణాల ప్రకారం ఉపాధ్యాయుల నుంచే భావి ప్రిన్సిపాళ్లను గుర్తించి తయారు చేయాలి. ఖాళీ వచ్చినప్పుడు వారిలోంచే ఆచితూచి ఎంపిక చేయాలి. పదవిలోకి వచ్చిన మొదటి రెండు మూడేళ్లూ అనుభవజ్ఞుడు ఒకరు పక్కనుండి సలహా ఇవ్వాలి, అవే ప్రమాణాలతో పని మదింపు చేయాలి. ఈ మొత్తం గొలుసు జిల్లా చేతిలోనే ఉండాలన్నది ఏర్పాటు. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2019లో ప్రచురించిన అధ్యయనం, ఈ పద్ధతిలో కొత్త ప్రిన్సిపాల్ వచ్చిన బడుల పిల్లలు మూడేళ్లు దాటేసరికి, అలాంటి ఇతర బడుల కంటే చదవడంలో 6.22, గణితంలో 2.87 పర్సంటైల్ పాయింట్లు ముందున్నారని చెప్పింది. అందుకైన ఖర్చు ఏడాదికి విద్యార్థికి సుమారు 42 డాలర్లు. జిల్లా బడ్జెట్‌లో అది అర శాతం కూడా కాదు.

రెండూ దాతల డబ్బుతో నడిచినవే, రెండూ నాయకత్వం మీద దృష్టి పెట్టినవే. ఒకటి మనుషులను బయట తయారు చేసి వ్యవస్థ పైకి దింపింది, మరొకటి వ్యవస్థ తన మనుషులను తానే తయారు చేసుకునేలా చేసింది. సింగపూర్ సంగతీ ఇలాంటిదే. అక్కడి విద్యాశాఖ ఎంపిక చేసిన వైస్ ప్రిన్సిపాళ్లు, శాఖాధికారులు జాతీయ విద్యా సంస్థలో కొన్ని నెలలు పూర్తికాలం చదువుకుంటారు. ఎంపిక చేసేదీ, పంపేదీ, తిరిగి వచ్చాక బడి అప్పగించేదీ అదే ప్రభుత్వం. పంజాబ్ ప్రభుత్వం 2023లో తన ప్రిన్సిపాళ్లలో 36 మందిని అక్కడికి శిక్షణకు పంపినప్పుడు పత్రికలన్నీ ఆ విమాన ప్రయాణాన్నే రాశాయి. ప్రయాణం కంటే నేర్చుకోదగ్గది సింగపూర్ ఎంపిక, నియామక పద్ధతి.

మన దేశం విషయానికొస్తే, రాజస్థాన్‌లోని ఝుంఝును జిల్లా బగడ్ కేంద్రంగా పిరమల్ సంస్థ తోడ్పాటుతో 2008లో మొదలైన కైవల్య ఎడ్యుకేషన్ ఫౌండేషన్ ప్రధానోపాధ్యాయుల నాయకత్వం మీద పనిచేసిన తొలి సంస్థల్లో ఒకటి. గాంధీ ఫెలోషిప్ పేరుతో యువ పట్టభద్రులను రెండేళ్లపాటు గ్రామాల్లో ఉంచి, హెడ్మాస్టర్ల వెంట బడుల్లో పనిచేయించడం దాని పద్ధతి. హోటల్ హాల్లో మూడు రోజుల సదస్సు కంటే ఇది మేలైనదని నా అభిప్రాయం. హెడ్మాస్టరు తన బడి గుమ్మంలోనే సమస్యను చూపించగలడు. ప్రభుత్వం వైపు నుంచి ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ (నీపా)లో 2012లో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రధానోపాధ్యాయులకు కూడా ఏటా 50 గంటల వృత్తిపర అభివృద్ధి ఉండాలంది. అంటే చెప్పేవారికి కొదవ లేదు.

అయినా ఇక్కడ కూడా ఫలితాన్ని నిక్కచ్చిగా కొలిచిన సందర్భం ఒకటుంది, అది మన అధికారులు తప్పక చదవాలి. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆర్క్ అనే బ్రిటిష్ స్వచ్ఛంద సంస్థ సహకారంతో బడుల నిర్వహణను మెరుగుపరిచే కార్యక్రమం ఒకటి చేపట్టింది. బడులను మదింపు చేయడం, లోపాలు గుర్తించడం, ప్రతి బడికీ అభివృద్ధి ప్రణాళిక రాయించడం, అధికారులు వచ్చి దాన్ని అనుసరించేలా చూడడం అందులోని పనులు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ దీన్ని వేల బడులతో శాస్త్రీయంగా పరీక్షించారు. మదింపులు జరిగాయి, ప్రణాళికలు తయారయ్యాయి. కాగితం మీద చూస్తే కార్యక్రమం దివ్యంగా నడిచింది. ఉపాధ్యాయుల పనిలో గానీ, అధికారుల పర్యవేక్షణలో గానీ, పిల్లల చదువులో గానీ మార్పు ఏమీ కనిపించలేదు. అయినా దాన్ని విస్తరించారు, ఆ తరహా కార్యక్రమమే శాలాసిద్ధి పేరుతో దేశమంతటికీ వచ్చింది. ఆ పత్రాలు నింపిన జ్ఞాపకం మన ఉపాధ్యాయులందరికీ ఉంటుంది. పత్రం అప్‌లోడ్ అయిందా లేదా అని అడిగిన అధికారులు చాలామంది. అందులో రాసిన దానికి ఏం చేశారని అడిగినవారు నాకైతే తారసపడలేదు.

నా వంతు వచ్చినప్పుడు కూడా అంతే జరిగింది. ఒక స్వచ్ఛంద సంస్థ నిర్వహించిన శిక్షణకు నేనూ వెళ్లాను. పాఠం చెప్పిన యువతీ యువకులు తెలివైనవారు, శ్రద్ధ ఉన్నవారు. వారి మీద నాకు ఫిర్యాదు లేదు. మా బడి వచ్చే మూడేళ్లలో ఎలా ఉండాలో చార్టుల మీద రాయించారు, ఒకరి తరగతిని మరొకరు గమనించి ఎలా మాట్లాడుకోవాలో నేర్పారు. రెండోది నిజంగా పనికొచ్చేదే. మండలానికి తిరిగి వచ్చాక ఆ పని ఎక్కడ చేయాలి? ఉదయం నా సొంత ఉన్నత పాఠశాలలో ప్రార్థన, తరవాత మండల వనరుల కేంద్రం (ఎమ్మార్సీ)లో జీతాల బిల్లులు, మధ్యాహ్నం టెలీకాన్ఫరెన్స్, ఈలోగా బడుల గణాంకాల పద్దు ‘యూడైస్’ అంకెల సవరణ, ఎవరో ఉపాధ్యాయుడి మెడికల్ లీవు, ఏదో బడి ప్రహరీ గోడ తగాదా. ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లి ఒక పూట కూర్చుని మూడో తరగతి పిల్లలతో చదివించి చూసే తీరిక దొరకడం గగనమయ్యేది. శిక్షణలో నేర్పినదానికి నా రోజులో ఖాళీ జాగా లేదు.

ఇది నా ఒక్కడి కథ అయితే రాసేవాణ్ని కాదు. 1985లో మండలాలు ఏర్పడి, ఆ తరవాత పాత డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ల స్థానంలో మండల విద్యాధికారి (ఎంఈవో) వచ్చాక, ఆ పదవి మన బడులకు అన్నింటికంటే దగ్గరగా ఉండే అధికార పదవి అయింది. తెలంగాణలో ఆ పదవిని ఎక్కువ మండలాల్లో ఏళ్ల తరబడి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులే అదనపు బాధ్యతగా మోస్తూ వచ్చారు. ప్రభుత్వ, పంచాయతీరాజ్ ఉపాధ్యాయుల ఏకీకృత సర్వీసు నిబంధనల వివాదం తేలకపోవడం దీనికి ప్రధాన కారణం. 2017లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి ఆశ కలిగింది, 2018లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్ 2022లో మండలానికి రెండో ఎంఈవో పోస్టు మంజూరు చేసి పని పంచుకునే వీలు కల్పించింది. ఆ నిర్ణయం మంచిదే, కాకపోతే ఇద్దరిలో ఎవరు బడికి వెళ్లాలి, ఎవరు బిల్లులు చూడాలి అన్నది క్షేత్రంలో స్థిరపడాలి. ఉపాధ్యాయులను తయారు చేసే మన జిల్లా శిక్షణ సంస్థల్లో, అంటే డైట్ కళాశాలల్లో, అధ్యాపక పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఏ సంస్థ వచ్చి ఎంత చక్కని శిక్షణ ఇచ్చినా, దాన్ని అందుకుని బడి దాకా మోసుకుపోవలసిన మనిషే కుర్చీలో లేనప్పుడు అది విత్తనాలను సిమెంటు గచ్చు మీద చల్లినట్టే.

బయటి సాయం తీసుకోవడం మనకు కొత్త కాదు, చెడ్డ కూడా కాదు. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మనవాళ్ల మాటలో ‘ఏపీపెప్’, ఉపాధ్యాయ కేంద్రాలను పరిచయం చేసింది. పది పన్నెండు బడుల ఉపాధ్యాయులు ఒకచోట చేరి ఒకరి పాఠం ఒకరు చూసుకోవడం అక్కడే అలవాటైంది. పథకం ముగిసి దశాబ్దాలు దాటినా స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల రూపంలో ఆ అలవాటు ఇప్పటికీ మిగిలింది. ఎందుకు మిగిలిందంటే, దాన్ని నడిపినవారు మన ఉపాధ్యాయులు, మన డైట్ అధ్యాపకులు. డబ్బు వచ్చింది, పోయింది. పని తెలిసిన మనుషులు ఇక్కడే ఉండిపోయారు. నాయకత్వ శిక్షణకు వచ్చే సంస్థలు కూడా రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్సీఈఆర్టీ), డైట్ అధ్యాపకులకు ఆ విద్య నేర్పి, తరగతి వారిచేత చెప్పించి తప్పుకోవాలన్న షరతు ఒప్పందంలో ఉంటే చాలు, సగం బాధ తీరుతుంది.

మిగతా సగం ప్రభుత్వాల చేతిలో ఉంది. మండల విద్యాధికారి పోస్టులు పూర్తికాలపు అధికారులతో నింపి, శిక్షణ పొందినవారిని కనీసం మూడేళ్లు అదేచోట ఉంచాలి. శిక్షణకు పిలిచేది పదవిలో ఉన్నవారినే కాక, రాబోయే రెండు మూడేళ్లలో హెడ్మాస్టర్లు, ఎంఈవోలు కాబోయే స్కూల్ అసిస్టెంట్లను కూడా అయితే, మొదటి రోజు నుంచీ వారికి తడబాటు ఉండదు. సీనియారిటీని పక్కన పెట్టమని నేననను, సంఘాలు ఒప్పుకోవు, నేనూ ఒప్పుకోను. సీనియారిటీలో ముందున్న పది మందికి ముందే పని నేర్పడానికి ఏ నిబంధనా అడ్డు రాదు. శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు ఆ సంస్థకు నిధులెవరిస్తున్నారు, ఆ దాతలకు ప్రైవేటు పాఠశాలల్లో గానీ, విద్యా యాప్‌లు, ట్యాబ్‌ల వ్యాపారంలో గానీ ప్రయోజనం ఉందా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫలితాన్ని ఆ సంస్థే కొలిచి ఆ సంస్థే నివేదిక ఇవ్వడం కాకుండా, విశ్వవిద్యాలయ విద్యా విభాగాలకు ఆ పని అప్పగించాలి. ఎంత మంది హాజరయ్యారన్నది ఫలితం కాదు. అధికారి బడికి వెళ్లిన రోజులు పెరిగాయా, మూడో తరగతి పిల్లవాడు తెలుగు పాఠం చదవగలుగుతున్నాడా అన్నది కొలవాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖలు గత అయిదేళ్లలో ప్రధానోపాధ్యాయులు, విద్యాధికారుల శిక్షణ కోసం ఏ ఏ సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నాయో, వాటి ప్రతులను, చెల్లింపుల వివరాలను, మదింపు నివేదికలను సమాచార హక్కు చట్టం కింద మీ విలేకరులు కోరి, వచ్చిన జవాబులను ప్రచురించాలి. ఉచితంగా చేస్తున్నామని చెప్పే సంస్థల ఒప్పందాలను కూడా వదిలిపెట్టవద్దు. ఉపాధ్యాయుల పనిదినాలు, పిల్లల సమాచారం ప్రభుత్వం ఇచ్చేవే కనుక అవీ ప్రజల సొమ్ముతో సమానమే. జవాబు రాకపోతే, రాలేదన్న సంగతే ప్రచురించండి.

భవదీయుడు,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
నల్గొండ జిల్లా